అనంతుణ్ణి చూసినారా?

అనంత పద్మనాభ వ్రతకథలో కౌండిన్యుడు అడవిలో పడి కనబడిన ప్రతిదాన్నీ ఒకే మాట అడుగుతాడు. "అనంతుణ్ణి చూసినారా?" చెట్టు నిండా కాయలున్నా ఒక్క పిట్ట కూడా వాలని మామిడిచెట్టును అడుగుతాడు. ఆవును అడుగుతాడు, ఎద్దును అడుగుతాడు. పక్కపక్కనే ఉండి ఒకదాని నీళ్ళు ఒకదానిలోకి పొర్లే రెండు కొలనులను అడుగుతాడు. గాడిదనూ ఏనుగునూ కూడా వదలడు. చూడలేదనే అన్నీ చెబుతాయి. అడిగి అడిగి, ఇక అడగడానికి ఓపిక లేక కిందపడిపోతాడు. అప్పుడు ఒక ముసలి బ్రాహ్మణుడు వచ్చి, చేయి పట్టుకుని లేపి, ఒక గుహలోకి తీసుకుపోతాడు. ఆ ముసలాయనే అనంతుడు.

భాద్రపద శుద్ధ చతుర్దశి నాడు మా ఇంట్లో ఈ కథ చదివేది నేను. వ్రతం కొడుకూ కోడలూ చేస్తారు. దర్భలతో ఏడు పడగల శేషుణ్ణి అల్లడం, ఎర్ర దారానికి పద్నాలుగు ముడులు వేసి తోరం కట్టడం, కలశంలో నీళ్ళు పోసి యమునాపూజ చేయడం, పాత తోరం విప్పి కొత్తది కట్టుకోవడం, అన్నీ వాళ్ళవే. అదే పొద్దు తిరుమల కొండమీద చక్రత్తాళ్వారును, అంటే స్వామివారి సుదర్శన చక్రాన్ని, వరాహస్వామి గుడి దగ్గరికి వేంచేపు చేసి, తిరుమంజనం (అభిషేకం) చేసి, పుష్కరిణిలో స్నానం చేయిస్తారు. బ్రహ్మోత్సవాల ఆఖరి రోజు, వైకుంఠ ద్వాదశి, రథసప్తమి, ఈ అనంత చతుర్దశి, ఈ నాలుగు దినాలే స్వామివారి చక్రస్నానం. తిరుపతి వాళ్ళకు అనంతుడు ఎక్కడో పాలసముద్రంలో ఉండేవాడని అనిపించదు. పొద్దున లేచి వాకిట్లోకి వస్తే ఎదురుగా కనబడే ఏడుకొండలే ఆయన ఒళ్ళు. శేషాచలం అని పిలుచుకునే కొండ కింద కాపురం చేస్తూ, ఆయన ఉన్నాడా అని ఎవరు అడుగుతారు?

ఈసారి మా మనవడు అడిగినాడు. వాడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు, ఎంపీసీ. పూజ అయ్యి, అక్షింతలు వేసుకుని, ప్రసాదం తింటూ, "అవ్వా, అనంతం నిజంగా ఉందా? లేకపోతే మనం లెక్కల్లో రాసుకునే గుర్తేనా?" అన్నాడు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇంట్లో ఈ కథ చదివేదాన్ని. ఆ ప్రశ్న నాలో రెండు పక్కలా తగిలింది. వాడికి అప్పుడు చెప్పింది కొంచెం, చెప్పకుండా మిగిలింది చాలా. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఒక చిక్కు తీయాలి. పెద్దది అంటే అనంతం అని మనలో చాలామందికి ఒక తలపు. పూజకు ముందు అయ్యవారు సంకల్పం చెప్పిస్తారు గదా, అది ఒకసారి మనసు పెట్టి వినండి. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం, జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, గోత్రం, పేరు. అనంతుణ్ణి పూజించబోయే మనిషి ముందుగా తన అడ్రసు పూర్తిగా చెప్పుకుంటాడు. ఇక్కడ, ఈ పొద్దు, ఇంత చిన్నవాణ్ణి అని. అందులో కల్పం అంటే బ్రహ్మకు ఒక పగలు, 432 కోట్ల సంవత్సరాలు. రాత్రి ఇంకో అంత. అట్లాంటి రోజులు 360 అయితే ఆయనకు ఏడాది, నూరేళ్ళు ఆయుష్షు. లెక్క కడితే 3 కోట్ల 11 లక్షల 4 వేల కోట్ల సంవత్సరాలు. ఊహకు అందదు. అయినా అది అయిపోతుంది. బ్రహ్మ కూడా పోతాడని పురాణమే చెబుతోంది. నేటి ఖగోళశాస్త్రం చెప్పే అంకెలూ అంతే. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మనం చూడగలిగినంత మేరకు దాని అడ్డుకొలత సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ హద్దు అవతలి వెలుతురు ఇంకా మన దాకా రాలేదు గనుక, విశ్వానికి అంచు ఉందా లేదా అన్నది లోపల కూర్చున్న మనకు కొలిచి తేల్చే వీలు లేదు. ఇవన్నీ భయం పుట్టించేంత పెద్ద అంకెలు. కానీ వాటిలో ఎంత పెద్ద అంకె అయినా, అనంతం ముందు ఒకటీ అదీ ఒకే దూరంలో ఉంటాయి. ఒకటి నుంచి బయలుదేరినవాడికీ కోటి నుంచి బయలుదేరినవాడికీ మిగిలిన దారి ఒక్క అడుగు కూడా తేడా రాదు.

మా చిత్తూరు దగ్గర కాణిపాకం ఉంది. బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు ఏడాదికేడాదికీ పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. మునుపు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదని చెబుతారు. వినాయక చవితికి మొదలైన అక్కడి ఉత్సవాలు ఇరవై ఒక్క రోజులు కాబట్టి, మేము ఇక్కడ తోరం కట్టుకునే నాటికి ఇంకా సాగుతూనే ఉంటాయి. అక్కడి స్వామి రూపం 'ఇంకా, ఇంకా' అనే తీరు. ఎప్పుడు చూసినా ఆయనకు ఒక కొలత ఉంటుంది, కానీ ఆ కొలత ఎక్కడా ఆగదు. కొండమీద స్వామిని మనం అట్లా అనుకోము. ఆయన పెరగడు, తరగడు, ఉన్నాడు.

గ్రీకు దేశపు అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో ఈ రెండింటినీ విడదీసి చూసినాడు. ఎంత లెక్కపెట్టినా ఇంకొకటి పెట్టవచ్చు అనే అనంతం ఉంది, అంటే సాగుతూ పోయేది. మొత్తంగా, ఒక్కసారిగా, నిండుగా నిలిచిన అనంతం మాత్రం లేదు అన్నాడు. రెండు వేల ఏళ్ళకు పైగా పడమటి దేశాల గణితం దాదాపు ఆ మాటమీదే నడిచింది. మా మనవడి ప్రశ్న నిజానికి ఈ రెండోదాన్ని గురించే. సాగే అనంతాన్ని వాడూ ఒప్పుకుంటాడు. నిండుగా నిలిచినది ఉందా అన్నదే అనుమానం.

నిండుగా నిలిచినదాన్ని పట్టుకుంటే చేతిలో ఏమి జరుగుతుందో గెలీలియో 1638లో అచ్చయిన గ్రంథంలో చూపించినాడు. 1, 2, 3, 4 అని అన్ని సంఖ్యలూ ఒక వరుస. 1, 4, 9, 16 అని వాటి వర్గాలు ఒక వరుస. వర్గాలు తక్కువే గదా, మధ్యలో ఎన్నో సంఖ్యలు వదిలేసినాము. అయినా ప్రతి సంఖ్యకూ దాని వర్గాన్ని జతకడితే ఒక్కటి కూడా జత లేకుండా మిగలదు. కొంత భాగం మొత్తంతో సమానమైపోయింది. ఇది చూసి ఆయన, ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలు అనంతం దగ్గర చెల్లవని చెప్పి ఆగిపోయినాడు. అక్కడ ఆగకుండా ముందుకు నడిచినవాడు జర్మనీ గణితవేత్త జార్జ్ కాంటర్.

కాంటర్ 1891లో ఇచ్చిన రుజువును మా వాడికి పాత నోటుబుక్కులో రాసి చూపించినాను. సున్నాకీ ఒకటికీ మధ్య ఉన్న దశాంశ సంఖ్యలన్నీ ఒక జాబితాగా రాసినామని ఎవరో మనతో పందెం వేసినారనుకో అన్నాను. మొదటిది 0.5271, రెండోది 0.3380, మూడోది 0.9046, నాలుగోది 0.1112, ఒక్కొక్కటీ కుడిపక్కకు అట్లా సాగుతూ, జాబితా కిందికి సాగుతూ. ఇప్పుడు మొదటి సంఖ్యలో మొదటి అంకె 5, రెండో సంఖ్యలో రెండో అంకె 3, మూడోదానిలో మూడోది 4, నాలుగోదానిలో నాలుగోది 2. ఏటవాలుగా దిగుతూ వీటిని ఒక్కొక్కటీ మార్చు. 5ను 6 చెయ్యి, 3ను 4 చెయ్యి, 4ను 5, 2ను 3. వచ్చింది 0.6453. ఇది జాబితాలో మొదటిది కాదు, మొదటి అంకె వేరు. రెండోది కాదు, రెండో అంకె వేరు. నూరోదానితో నూరో అంకె దగ్గర తేడా వస్తుంది. కాబట్టి అంతం లేని ఆ జాబితాలో కూడా ఇది లేదు. దీన్ని కూడా చేర్చి కొత్త జాబితా రాస్తే, దాన్నుంచి తప్పించుకునేది ఇంకొకటి పుడుతుంది. వాడు పెన్సిలు తీసుకుని తానే ఇంకో జాబితా రాసి చూసుకున్నాడు. ఎక్కడైనా చిక్కుతుందేమో అని ఆశ. చిక్కలేదు. అనంతం కన్నా పెద్ద అనంతం ఉంది అన్నది అట్లా వాడి చేతిలోనే తేలింది.

కాంటర్ భక్తిపరుడు. లూథరన్ క్రైస్తవుడు. ఈ అనంతాల మెట్లన్నీ ఎక్కినా, వాటికి పైన ఏ లెక్కకూ అందని పరిపూర్ణ అనంతం ఒకటి ఉందనీ, అది దేవుడిదేననీ నమ్మినాడు. తన గణితం దైవానికి అపచారం కాదని చెప్పడానికి క్రైస్తవ మతపండితులతో ఉత్తరాలు నడిపినాడు. ఆయన కాలపు పెద్ద గణితవేత్తలు కొందరు ఆయన్ను గట్టిగా వ్యతిరేకించినారు. నాకు ఆయన మీద గౌరవం ఎప్పటికీ తరగదు.

ఇంతకూ రుజువైందా? ఇక్కడ లెక్కల టీచరుగా దాచకుండా చెప్పవలసిన సంగతి ఉంది. గణితంలో నిండు అనంతం ఉందని ఎవరూ చిన్న సంఖ్యల నుంచి రుజువు చేసి తేలేదు. 1908లో జర్మెలో అనే ఆయన సమితులకు మూలసూత్రాలు రాసినప్పుడు 'అనంతమైన సమితి ఒకటి ఉంది' అన్నదాన్ని ఒక స్వీకృతంగా పెట్టినాడు. అంటే రుజువు అడగకుండా ఒప్పుకుని మొదలుపెట్టే మాట. ఒప్పుకుంటే ఆ తరువాతదంతా రుజువులతో నడుస్తుంది. ఒప్పుకోకుండా గణితం చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. జర్మనీ గణితవేత్త హిల్బర్ట్ 1925లో అనంతం మీద ఇచ్చిన ఉపన్యాసంలో, ప్రకృతిలో ఎక్కడ వెదికినా అనంతం కనబడదని చెప్పినాడు. అదే ఉపన్యాసంలో, కాంటర్ మనకోసం కట్టిన స్వర్గంలో నుంచి మనల్ని ఎవరూ వెళ్ళగొట్టలేరు అని కూడా అన్నాడు. బయట ఎక్కడా కనబడలేదు, కానీ విడిచి ఉండలేము. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే పూట చెప్పినాడంటే నాకు కౌండిన్యుడి అడవి గుర్తుకొస్తుంది.

ఇక మన మంత్రం సంగతి. 'పూర్ణమదః పూర్ణమిదం పూర్ణాత్ పూర్ణముదచ్యతే, పూర్ణస్య పూర్ణమాదాయ పూర్ణమేవావశిష్యతే.' బృహదారణ్యక ఉపనిషత్తులోది, ఈశావాస్య ఉపనిషత్తుకు శాంతిపాఠం. అదీ పూర్ణమే, ఇదీ పూర్ణమే, పూర్ణం నుంచి పూర్ణం పుడుతోంది, పూర్ణంలో నుంచి పూర్ణాన్ని తీసినా పూర్ణమే మిగులుతోంది. అనంతంలో నుంచి అనంతం తీసేస్తే అనంతమే మిగులుతుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పినారు, కాంటర్ తరువాత కనుక్కున్నాడు అని వాట్సాప్‌లో మాటిమాటికీ తిరుగుతూ ఉంటుంది. మంత్రం మీద ప్రేమతోనే పంపుతారు, నాకు తెలుసు. కానీ ఆ లెక్క నిలబడదు. 1, 2, 3 అని సాగే సంఖ్యల్లో నుంచి సరిసంఖ్యలన్నీ తీసేస్తే అనంతమే మిగులుతుంది, నిజమే. 6 నుంచి పైవన్నీ తీసేస్తే? తీసింది అనంతమే. మిగిలింది మాత్రం ఐదు. అన్నీ తీసేస్తే ఏమీ మిగలదు. కాబట్టి ఆ మంత్రం సంఖ్యల కూడికా తీసివేతా చెప్పడం లేదు. అది చెప్పేది దానికన్నా చాలా గట్టి మాట. ఏది తీసినా, ఎంత తీసినా, ఎట్లా తీసినా తరగనిది ఒకటి ఉంది అంటోంది. సంఖ్యల అనంతానికి ఆ బలం లేదు. మంత్రాన్ని గణితం స్థాయికి తెచ్చి పొగడబోయి దాన్ని చిన్నది చేస్తున్నామని నా బాధ.

మన దేశంలో ఈ రెండింటినీ నిజంగా ఒకచోట పెట్టినవాడు భాస్కరాచార్యుడు. పన్నెండో శతాబ్దంలో, బీజగణితం చెబుతూ, హారంలో సున్నా ఉన్న రాశికి ఖహరం అని పేరు పెట్టి ఒక శ్లోకం రాసినాడు.

అస్మిన్ వికారః ఖహరే న రాశా
వపి ప్రవిష్టేష్వపి నిఃసృతేషు
బహుష్వపి స్యాల్లయసృష్టికాలే
ఽనంతేఽచ్యుతే భూతగణేషు యద్వత్

ఈ ఖహర రాశిలోకి ఎన్ని వచ్చి చేరినా, ఎన్ని బయటికి పోయినా దానికి మార్పు లేదు. ప్రళయంలో జీవులన్నీ వచ్చి తనలో కలిసినా, సృష్టిలో మళ్ళీ బయటికి వచ్చినా అనంతుడైన అచ్యుతుడికి మార్పు లేనట్టు. సున్నాతో భాగించడాన్ని నేటి బడిగణితం ఒప్పుకోదు, అది నేనే పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినాను. ఆ లెక్క పక్కన పెట్టి శ్లోకం నడక చూడండి. లెక్కతో దేవుణ్ణి నిరూపించబోలేదు ఆయన. అనంతమైన రాశి అంటే ఎట్లుంటుంది అని శిష్యుడికి సందేహం వస్తే, 'నీకు అచ్యుతుడు తెలుసు గదా, అట్లా' అన్నాడు. ఆయనకూ ఆయన శిష్యులకూ తెలిసినది దేవుడు, తెలియనిది రాశి. తెలిసినదాన్ని చూపించి తెలియనిది చెప్పినాడు. మనకు ఇప్పుడు తిరగబడింది. రాశి తెలుసు, దాన్ని పట్టుకుని దేవుడి దాకా పోవాలని చూస్తున్నాము.

తైత్తిరీయ ఉపనిషత్తులో 'సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ' అనే చోట శంకరులు చేసిన విడమరపు నాకు ఈ వయసులో బాగా ఆసరా అయింది. హద్దు మూడు రకాలు అంటారు. ఇక్కడ ఉంది, అక్కడ లేదు అనేది దేశపు హద్దు. అప్పుడు లేదు, ఇప్పుడుంది అనేది కాలపు హద్దు. ఇది కుండ, కాబట్టి గుడ్డ కాదు అనేది వస్తువు హద్దు. ఆకాశానికి మొదటి హద్దు లేదు. కానీ అది పుట్టినది గనుక కాలపు హద్దు ఉంది, తనకు వేరుగా ఇంకొకటి ఉంది గనుక వస్తువు హద్దూ ఉంది. మూడూ లేనిదే బ్రహ్మం. ఈ మూడో హద్దు దగ్గర నేను ఎన్నో పూటలు నిలిచిపోయినాను. కాంటర్ అనంతాలన్నింటికీ అది ఉంది. సంఖ్యల గుంపుకు బయట ఏదో ఉంది, ఒక అనంతానికి బయట ఇంకో పెద్ద అనంతం ఉంది. 'ఇది అది కాదు' అన్నంతసేపూ ఎంత పెద్దదైనా దానికి ఒక గట్టు ఉన్నట్టే. దేని నుంచీ వేరు కానిదానికి గట్టు ఎక్కడ వేస్తారు? పూర్ణంలో నుంచి తీసినా తరగదనే మాట నాకు ఇక్కడ అర్థమైంది. తీసి పెట్టడానికి దానికి బయట చోటు లేదు.

అట్లయితే చెట్టూ ఆవూ కొలనూ 'చూడలేదు' అని ఎందుకన్నాయి? అవన్నీ ఆయనలో ఉన్నవే గదా. దీనికి కథలోనే సమాధానం ఉంది, మనం తోరం హడావిడిలో గబగబా చదివి దాటేస్తాము. దర్శనం అయ్యాక కౌండిన్యుడు ఒక్కొక్కదాన్ని గురించీ అడుగుతాడు. ఆ మామిడిచెట్టు మునుపు బాగా చదువుకున్న బ్రాహ్మణుడు, శిష్యులకు చదువు చెప్పలేదు. కొలనుల్ని కొందరు ధర్మం, అధర్మం అంటారు. కొందరు చెప్పే కథలో వాళ్ళు అక్కచెల్లెళ్ళు, దానం చేసినా ఒకరికొకరే చేసుకున్నారు, ఇల్లు దాటి ఒక్క గింజ పోలేదు. గాడిద కోపం, ఏనుగు మదం. చెట్టు నిండుగా కాసింది, కొలను నిండుగా పొర్లింది. నిండుదనానికి కొదవ లేదు, బయటికి దారి లేదు. తమ చుట్టూ తామే గట్టు కట్టుకున్నాయి. చదువు చెప్పి బతికినదాన్ని గనుక నాకు ఆ మామిడిచెట్టు దగ్గర గొంతు పట్టేస్తుంది. ఏ పిల్లకు ఓపికగా చెప్పినాను, ఏ పిల్లకు చెప్పలేదు అని ముఖాలు కదులుతాయి.

కౌండిన్యుడు చేసిన తప్పు కూడా ఇదే జాతిది. భార్య సుశీల చేతికి ఉన్న ఎర్ర దారం చూసి, నన్ను వశం చేసుకోవడానికి కట్టినావా అని కోపంతో తెంపి నిప్పుల్లో వేసినాడు. ఆ తల్లి మాట్లాడకుండా, కాలుతున్న దారం తీసి పాలలో వేసింది. దారం దారమే అన్నది ఆయన లెక్క. ఆమెకు ఆ పద్నాలుగు ముడుల్లో అనంతుడు ఉన్నాడు. అంతులేనివాణ్ణి గుప్పెడు దర్భల్లో, చెంబెడు నీళ్ళలో, మూరెడు దారంలో కూర్చోబెట్టడం తగునా అని చదువుకున్నవాళ్ళు నన్నూ అడిగినారు. దేశపు హద్దు, వస్తువు హద్దు లేనివాడు దారంలో లేడు అంటే ఆయనకు హద్దు గీసినట్టు కాదా? దారం దగ్గర ఆయన ఆగిపోయినాడని మేము అనడం లేదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి పోయినప్పుడు ఈ విషయం నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఆ స్వామిని రామానుజులవారు 1130 ప్రాంతంలో ప్రతిష్ఠించినారని చెబుతారు. ఆదిశేషుడి మీద పడుకుని ఉంటాడు. మా ఊళ్ళో పెద్దలు చెప్పే కథ ఏమంటే, ఆయన వేంకటేశ్వరస్వామికి అన్న. తమ్ముడు పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసినాడు, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడు. ఆ డబ్బు కొలిచే పని అన్నది. కుంచంతో కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని నిద్రపోయినాడు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఎత్తి, స్వామి తలవైపు చూపించి ఈ కథే చెప్పింది. పిల్లలకు చెప్పే కథ అనుకున్నాను చాలా ఏళ్ళు. ఇప్పుడు దానిలో ఎంత దిటవు ఉందో తెలుస్తోంది. ఒక్కో కుంచం కొలుస్తూ పోతే సాక్షాత్తూ ఆయనే అలసిపోయినాడు, పని తీరలేదు. పడుకున్నది మాత్రం కొలతకు అందని శేషుడి మీద. కుంచాన్ని ఆయన పారేయలేదు, దగ్గరే పెట్టుకున్నాడు. కొండమీద పరకామణిలో హుండీ డబ్బు ఈ పొద్దుకీ లెక్కపెడుతూనే ఉన్నారు, రేపూ లెక్కపెడతారు. ఆ లెక్క అవసరమే. లెక్క వద్దు, అంతా మాయ అనే వేదాంతం మా ఊరి దేవుడిది కాదు, నాదీ కాదు.

ఛాందోగ్య ఉపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి తనకు వచ్చిన విద్యల పట్టిక చెబుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, ఇంకా ఎన్నో. అందులో 'రాశి' అని ఉంది, గణితమని వ్యాఖ్యానం. ఇన్ని తెలిసినా దుఃఖంలో ఉన్నాను, దాటించండి అంటాడు. లెక్కలు వచ్చినవాడే, దుఃఖం తీరనివాడే. సనత్కుమారుడు నామం అంటాడు. దీనికన్నా పెద్దదుందా అంటాడు నారదుడు. వాక్కు. దానికన్నా? మనస్సు. దానికన్నా? ఇట్లా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ప్రాణం దాకా వస్తాడు. ప్రాణం దగ్గర నారదుడు అడగడం మానేస్తాడు. అక్కడి నుంచి గురువే తనంత తాను ముందుకు తీసుకుపోయి భూమను, అంటే అంతులేనిదాన్ని, చూపిస్తాడు. 'యో వై భూమా తత్సుఖం, నాల్పే సుఖమస్తి.' అల్పంలో సుఖం లేదు. దీనికన్నా, దీనికన్నా అని అడుగుతూ పోయిన నారదుడూ, చూసినారా, చూసినారా అని అడుగుతూ పోయిన కౌండిన్యుడూ అడగడం ఆగిన చోటే చేయి అందుకున్నారు. అడగడం దండగ అని నేను అనను. అడవి తిరగనివాడికి ముసలి బ్రాహ్మణుడు ఎదురుపడలేదు. 

మా వారు పోయిన తరువాత కొన్నాళ్ళు నాకు అన్నీ లెక్కలాగే కనబడినాయి. ఇన్ని రోజులైంది, ఇన్ని రోజులుండాలి. వ్రతం ఆగిపోతుందని అనుకున్నాము. కొడుకు తాను పట్టుకుంటానన్నాడు. ఆ సంవత్సరం పక్కన కూర్చుని కథ చదువుతుంటే, నారదుడి ఆ మాటే అడుగున వినబడింది. ఇన్ని తెలిసినా దుఃఖంలో ఉన్నాను. అనంతం ఉందా అనేది అప్పుడు నాకు పుస్తకంలో ప్రశ్నగా లేదు. పోయిన మనిషి ఎక్కడికీ బయటికి పోలేదు, బయట అనేదే లేదు అన్న మాట పట్టుకుని నిలబడినాను. దానికి నా దగ్గర రుజువు లేదు. స్వీకృతం అంటారే, అదే. దాన్ని ఒప్పుకున్న తరువాత మిగిలిన బతుకు ఒక వరుసలోకి వచ్చింది, అంతవరకు చెప్పగలను. కాబట్టి మా మనవడు ఉందా అంటే ఉంది అనే చెప్పినాను. లెక్కలో ఉన్నది వేరు, వ్రతంలో ఉన్నది వేరు అని కూడా చెప్పినాను.

వాడు ఊరుకోలేదు. అట్లయితే ఆ అనంతం దేని మీద నిలబడింది అన్నాడు. నారదుడు కూడా సరిగ్గా ఇదే అడిగినాడురా అంటే నమ్మలేదు. 'స భగవః కస్మిన్ ప్రతిష్ఠితః' అని అక్కడ ఉంది. తన మహిమ మీదే నిలబడింది అంటాడు సనత్కుమారుడు. వెంటనే, లేదా ఆ మహిమ మీద కూడా కాదు అంటాడు. లోకంలో మహిమ అంటే ఆవులు, గుర్రాలు, బంగారం, పొలాలు, ఇళ్ళు, అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి, నేను చెప్పేది అట్లాంటిది కాదు అంటాడు. ఆ తరువాత, అదే కింద, అదే పైన, అదే వెనక, అదే ముందర అని మొదలుపెట్టి 'అది' అన్న చోట 'నేను' అని పెట్టి మళ్ళీ మొత్తం చెబుతాడు. ఆ భాగం వాడితో కూర్చుని నిదానంగా చదవాలి. వాడికి బస్సు టైమైంది, తోరం చేతికి అట్లాగే ఉంచుకుని హాస్టలుకు పోయినాడు. దసరా సెలవులకు వస్తాడు.